పాకం వాసన

ఆ ఇంట్లో తెల్లారితే పొయ్యి వెలిగించడం తర్వాత సంగతి. ముందు పిల్లని వాసన చూడాలి. మేస్త్రి లేస్తూనే మొహమైనా కడుక్కోకుండా కూతురి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దాని మెడ వంపులో ముక్కు పెట్టి గట్టిగా ఊపిరి పీల్చేవాడు. తర్వాత చెవి వెనకాల. పక్క తడిసి ఉంటే ఆ బట్టనీ ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఛీ అనకండి, వాళ్ళ బతుకు అలా ఏడిసింది. మట్టి వాసన, చెమట వాసన, ఏ వాసన వచ్చినా ఫరవాలేదు. కాలిన పంచదార పాకం వాసన మాత్రం రాకూడదు. అది వచ్చిందంటే ఇంట్లో ఎవరికీ కాళ్ళూ చేతులూ ఆడవు.

పిల్లకి ఆరేళ్ళు. గుప్పెడంత మనిషి, గంపెడు మాటలు, అందుకని నానమ్మ దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. బడి పిలుపుకి వేరే పేరుందిగాని ఆ పేరుతో పిలిస్తే అదే వెనక్కి తిరిగి చూసేది కాదు.

మేస్త్రి అంటే ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు, కూల్చే మేస్త్రి. పాతబడ్డ మేడల్ని సమ్మెటతో బాది పారెయ్యడు. ఉలి పెట్టి, ఒక్కొక్క ఇటుకా విప్పి, దానికి పట్టిన పాత సున్నం గీకి, కడిగి పేర్పిస్తాడు. ఆ ఇటుకలు మళ్ళీ ఎవరింటి గోడలోకో వెళతాయి. ఆ పని సంగతి తెలుసుకునే డాక్టరమ్మ, పిల్ల పుట్టిన కొత్తలో, అతనికి రోగం అర్థమయ్యేట్టు చెప్పింది.

"పాలు, గుడ్డు, మాంసం, పప్పు, ఇవన్నీ గోడలనుకోండి మేస్త్రి గారూ. కడుపులోకి వెళ్ళాక ఒళ్ళు వాటిని విప్పేసి ఇటుకలు చేస్తుంది. అమైనో ఆమ్లాలంటాం వాటిని. ఆ ఇటుకలతోనే కండ, చర్మం, జుట్టు, అన్నీ కట్టుకుంటుంది. కొన్నిటిని ఒళ్ళే తయారుచేసుకుంటుంది, కొన్ని మాత్రం తిండిలోంచే రావాలి. మిగిలినవాటిని పొడికొట్టి బయట పారేస్తుంది. మీ పాప ఒంట్లో మూడు రకాల ఇటుకల్ని పొడికొట్టే పనివాడు పుట్టనే లేదు. అవి పేరుకుపోతే దారులు మూసుకుపోతాయి. మెదడు వాచిపోతుంది."

"పనివాణ్ణి తీసుకురాలేమా?" అన్నాడు మేస్త్రి.

"తీసుకురాలేం. లోపలికి ఇటుకల బండి దింపుకోవడం తగ్గించాలి, అంతే."

ఇక అక్కణ్ణించి ఆ ఇంట్లో పాలు లేవు, గుడ్డు లేదు, పప్పు లేదు. ఆ మూడు రకాలూ తీసేసిన పొడి ఒకటి ఆసుపత్రి నుంచి డబ్బాల్లో వచ్చేది. దాన్ని నీళ్ళలో కలిపి ఇచ్చేవాళ్ళు. అది కాక కొలిచిన బంగాళాదుంప, కొలిచిన పండు. పంచదార చిలకలు మాత్రం ఎన్ని కావాలంటే అన్ని, ఎందుకంటే పంచదారలో ఇటుకలు ఉండవు. పిచ్చుకకి మాటలొచ్చాక మొదట నేర్చుకున్న పెద్ద ప్రశ్న ఇదే.

"ఇందులో ఇటుకలున్నాయా నాన్నా?"

ఎవరేం పెట్టినా అదే అడిగేది. పక్కింటివాళ్ళు బిస్కెట్టు చూపిస్తే అడిగేది, బళ్ళో టీచరు సుద్దముక్క ఇస్తే అడిగేది. ఒకసారి వాన పడుతుంటే నాలుక చాపి నిలబడి, మళ్ళీ నాలుక లోపలికి లాక్కుని, "నానమ్మా, వాన్లో ఇటుకలున్నాయా?" అంది. ముసలమ్మ పొట్ట పట్టుకుని నవ్వి, ఆ తర్వాత వంటగదిలోకి పోయి కళ్ళు తుడుచుకుంది. పసిదాని నోరు కట్టేశారని ఆవిడకి కడుపులో ఒకటే బాధ. ఆ మాట పైకి అన్నప్పుడల్లా కొడుకు ఒంటికాలి మీద లేచేవాడు.

"నువ్వు జాలిపడితే చచ్చేది అది! ఆ జాలేదో నీ దగ్గరే దాచుకో!"

పాపం, అతన్ని మాత్రం ఏమనగలం? కిందటేడు పక్కింటి పెద్దాయన పిల్ల చేతిలో గుప్పెడు వేరుశనగ గింజలు పోశాడు. అది తినేదాకా ఎవరూ చూసుకోలేదు. మర్నాటికి పాకం వాసన, కళ్ళు తేలెయ్యడం, ఆసుపత్రికి పరుగు. అక్కడ నోటి తిండి మొత్తం ఆపేశారు. చేతికి సూది గుచ్చి నీళ్ళ సీసా ఒకటి వేలాడదీశారు. అదొక్కటే మేస్త్రి కళ్ళారా చూసిన వైద్యం. మూడో నాటికి పిచ్చుక లేచి కూర్చుని కబుర్లు మొదలెట్టింది. కాని ఆ రోజు వార్డులో చిన్న డాక్టరు ఒకడు పదిమంది ముందు, "ఒక్క పిల్లని కాపలా కాయలేరా మీరంతా కలిసి?" అన్నాడు. ఆ మాట మేస్త్రి గుండెలో ముల్లులా దిగింది. అప్పట్నుంచి కాపలా అంటే కాపలా కాదు, వెయ్యి కళ్ళతో కాసేవాడు.

ఈసారి జ్వరం వచ్చిన రోజు పిచ్చుక తల్లి ఊళ్ళో లేదు. చెల్లెలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. పొద్దున్నే పొడి కలిపిన నీళ్ళు తాగిన పిల్ల కాసేపటికే మొత్తం కక్కేసింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. మేస్త్రి మెడ వంపులో ముక్కు పెట్టాడు. సన్నగా, ఎక్కడో దూరంగా, పాకం.

ఈసారి తనకి తెలుసుననుకున్నాడు. ఏం చెయ్యాలో కిందటేడు చూశాడుగా! నోటికి తాళం వెయ్యాలి, నీళ్ళు పొయ్యాలి. ఆ పని ఇంట్లోనే చేసుకోవచ్చు, మళ్ళీ ఆ చిన్న డాక్టరు ముందు తల దించుకుని నిలబడనక్కర్లేదు. జ్వరం వస్తే వెంటనే తీసుకురమ్మనీ, కడుపు ఖాళీగా ఉంచొద్దనీ డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. చెప్పలేదని కాదు. కాని ఇన్నేళ్ళలో ఆవిడ చెప్పిన వందలకొద్దీ 'వద్దు'ల కింద ఆ ఒక్క 'పెట్టండి' ఎక్కడో నలిగిపోయింది. పొడి డబ్బా అటక మీద పెట్టేశాడు. బంగాళాదుంప లేదు, పండు లేదు. కాచి చల్లార్చిన నీళ్ళు మాత్రం.

"ఒరేయ్, కాసిని పంచదార నీళ్ళన్నా పొయ్యరా. కడుపులో ఏమీ లేకపోతే పసిది ఎలా తట్టుకుంటుంది?" అంది ముసలమ్మ.

"నీకు మతిగాని పోయిందా అమ్మా? ఒళ్ళంతా పాకం కంపు కొడుతుంటే ఇంకా పంచదార పొయ్యమంటావా?"

"పంచదారకి ఏం కాదని డాక్టరమ్మే చెప్పిందిగా."

"బాగున్నప్పుడు ఏం కాదు. ఇప్పుడు లోపల పేరుకున్నది ఏంటో ముక్కు పెట్టి చూడు! నాకు నేర్పకు."

మంచం మీంచి పిచ్చుక నీరసంగా తల తిప్పింది. "ఆకలేస్తోంది నాన్నా."

"ఇవాళ ఇటుకల బండి రాదు తల్లీ. పనివాళ్ళకి సెలవు."

"మరి పంచదార చిలక ఇవ్వు. అందులో ఇటుకలుండవుగా."

మేస్త్రి ఒక్క క్షణం తడబడ్డాడు. "ఇవాళ ఉన్నాయి," అన్నాడు.

పిచ్చుక తండ్రి మొహంలోకి చూసింది. దానికి ఆ లెక్క నచ్చలేదని తెలుస్తూనే ఉంది. కాని ఇటుకల విషయంలో నాన్న మాటకి ఎదురు చెప్పడం దానికి అలవాటు లేదు. గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం మళ్ళీ అడిగింది, రాత్రి పడుకోబోయే ముందు ఇంకోసారి అడిగింది. తర్వాత అడగడం మానేసింది.

మర్నాడు వాంతులు లేవు. పిల్ల మత్తుగా నిద్రపోతోంది. చూశావా, కుదుటపడుతోంది అనుకున్నాడు మేస్త్రి. ఊరి నడుమ ఒక మేడ సగం విప్పి వదిలేసి వచ్చాడు, మిగిలిన గోడ ఎవరిమీద కూలుతుందోనని అదొక బెంగ. దాన్ని దించేసి మధ్యాహ్నానికి వచ్చేద్దామని బయల్దేరాడు. గడపలో నిలబడి తల్లికి వేలు చూపించి మరీ చెప్పాడు.

"మంచినీళ్ళు తప్ప ఇంకేమీ దాని నోట్లోకి పోకూడదు. పోయిందో, నాకు తల్లి లేదనుకుంటాను."

కన్నతల్లితో అనే మాటేనా అది? కాని అన్నాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి వాసన గడప దగ్గరే ఎదురొచ్చింది. ఎవరో పొయ్యి మీద పాకం పెట్టి మర్చిపోయినట్టు ఇల్లంతా తియ్యగా, మాడుగా ఉంది. మంచం మీద పిచ్చుక కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. పిలిస్తే పలకడం లేదు. చెయ్యి ఎత్తితే కర్రలా బిగుసుకుని ఉంది. నానమ్మ దాని అరికాళ్ళు రుద్దుతూ ఏడుస్తోంది.

"ఎంతసేపటినుంచో ఇలాగే ఉందిరా. నీకు ఫోను ఎన్నిసార్లు చేసినా ఎత్తవేం? పద, ఆసుపత్రికి పద!"

గోడ దించే మోతలో ఫోను ఎవడికి వినిపిస్తుంది? మేస్త్రికి ఆ మాట చెవికెక్కలేదు. అతని బుర్రలో ఒక్కటే తిరుగుతోంది. నిన్నట్నుంచి పిల్ల కడుపులోకి ఏమీ పోలేదు. ఏమీ పోకుండా వాసన ఎలా పెరుగుతుంది? ఎవరో పెట్టారు. ఇంట్లో ఉన్నది ఇంకెవరు?

"ఏం పెట్టావు?"

"ఏమీ పెట్టలేదురా."

"ఏం పెట్టావమ్మా?"

"దాని మీద ఒట్టు, ఏమీ పెట్టలేదు!"

మేస్త్రి వంటగదిలోకి దూసుకుపోయాడు. గిన్నెలు ఒక్కొక్కటీ వాసన చూశాడు. పంచదార డబ్బా మూత వదులుగా ఉంది. పక్కనే ఒక గ్లాసు, అడుగున కరగని పంచదార. దాన్ని పట్టుకొచ్చి తల్లి మొహం ముందు ఆడించాడు.

"ఇదేంటి మరి?"

"పొద్దున నేను తాగిన పాలు లేని కాఫీ గ్లాసురా. ఒరేయ్, పిల్ల చేజారిపోతోంది, ముందు దాన్ని ఎత్తుకో!"

"ఏం పెట్టావో తెలియకుండా తీసుకెళితే అక్కడేం చెప్పను? మళ్ళీ కాపలా కాయలేరా అంటారు! చెప్పు, ఏం పెట్టావో చెప్పేదాకా నేను కదలను!"

మనిషికి భయం పట్టుకుంటే ఇంతే, ఇల్లు తగలబడుతుంటే అగ్గిపుల్ల ఎవరిదని అడుగుతాడు. ముసలమ్మ కొడుకు వంక చూసింది, మంచం వంక చూసింది. పిల్ల వీపు విల్లులా వంగుతోంది. ఆవిడ చీర కొంగుతో మొహం ఒక్కసారి తుడుచుకుంది.

"పంచదార నీళ్ళు పోశానురా. నువ్వటు వెళ్ళగానే పోశాను. రెండుసార్లు. తప్పు నాదే. ఇక పద!"

మేస్త్రి గ్లాసు నేలకేసి కొట్టాడు. పిల్లని భుజాన వేసుకుని వీధిలోకి పరుగెత్తాడు. దొరికిన బండి ఎక్కి, దార్లోనే పెళ్ళానికి ఫోను చేసి అరిచాడు. "చంపేసింది! మా అమ్మ దొంగచాటుగా పంచదార నీళ్ళు పోసి పిల్లని చంపేసింది! ఉన్నపళంగా రా!" తల్లిని బండి ఎక్కమని కూడా అనలేదు. ఆవిడ వీధి చివరిదాకా వెనకే పరుగెత్తి ఆయాసంతో ఆగిపోయింది.

ఆసుపత్రిలో పిల్లని లోపలికి తీసుకుపోయి తలుపు మూసేశారు. చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. ఆవిడ మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"మా అమ్మ పంచదార నీళ్ళు పోసిందండీ," అన్నాడు మేస్త్రి ముందే. "నేను పనికి వెళ్ళినప్పుడు, నాకు చెప్పకుండా."

"ఎన్నింటికి? ఎంత?" డాక్టరమ్మ గొంతులో ఆశలాంటిది ఏదో కదిలింది. అంతలోనే తల అడ్డంగా ఊపింది. "లేదు మేస్త్రి గారూ. పొయ్యలేదు. పోసి ఉంటే ఇలా అయ్యేది కాదు. రక్తం చూశాం, మూత్రం చూశాం. ఈ పిల్ల నిన్నట్నుంచి పస్తు ఉంది. పొడి ఎప్పుడిచ్చారు?"

"ఆపేశానండీ. అన్నీ ఆపేశాను. కిందటిసారి మీరు ఆపినట్టే. నీళ్ళ సీసా పెట్టారుగా, అలాగే నీళ్ళు..."

"అవి నీళ్ళు కాదండీ! అంతా పంచదారే!"

మేస్త్రికి ఏమీ అర్థం కాలేదు. డాక్టరమ్మ గోడకి ఆనుకుని మెల్లిగా అడిగింది.

"ఇటుకల బట్టీ మూతపడింది, కొత్త ఇటుక రావడం లేదు, ఇల్లు మాత్రం కట్టి తీరాలి. అప్పుడు మీరేం చేస్తారు?"

"పాత గోడ విప్పుతాం," అన్నాడు మేస్త్రి. అదే అతని బతుకుతెరువు. ఆ మాట అనడానికి ఆలోచన కూడా అక్కర్లేదు.

అని, ఆగిపోయాడు.

"ఒళ్ళు కూడా అదే చేస్తుంది," అంది డాక్టరమ్మ. "జ్వరంలో దానికి ఇంకా ఎక్కువ కావాలి. బయటినుంచి ఏమీ రాకపోతే సొంత కండనే విప్పుకుంటుంది. మీ పాప కండలో మాత్రం ఆ మూడు రకాల ఇటుకలు ఉండవా? అవన్నీ ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి పడ్డాయి. పంచదార లోపల ఉంటే, పొడి ఉంటే, ఒళ్ళు ఆ గోడ జోలికి పోదు. మీరు కొలిచి పెట్టకపోవడం వల్ల కాదు మేస్త్రి గారూ, అసలు పెట్టకపోవడం వల్ల వచ్చింది ఇది."

"ఎవరూ పెట్టలేదా అయితే?"

"ఎవరూ పెట్టలేదు. తన ఒళ్ళు తనే తినేసింది." ఆవిడ మూసిన తలుపు వైపు చూసింది. "బతికించడానికి చూస్తున్నాం. బతికినా, మెదడు చాలా వాచింది. పాత పిల్లలా లేస్తుందని నేను మీకు మాట ఇవ్వలేను. పాప తల్లి వచ్చాక నేనే చెబుతాను."

"వద్దండీ," అన్నాడు మేస్త్రి. "నేను చెప్పుకుంటాను."

అతను మెట్ల దగ్గరికి వచ్చేసరికి, కింది మెట్టు మీద తల్లి కూర్చుని ఉంది. ఎలా వచ్చిందో, ఎంత దూరం నడిచిందో. ఒక కాలికి చెప్పు లేదు. మేస్త్రి ఆవిడ పక్కన కూలబడ్డాడు.

"పొయ్యకుండానే పోశానని ఎందుకు చెప్పావమ్మా?"

"చెప్పకపోతే నువ్వు కదిలేవాడివా? గిన్నెలు వాసన చూస్తూ కూర్చునేవాడివి." ఆవిడ అతని వైపు చూడలేదు. "ఎలా ఉందిరా?"

అతను చెప్పాడు. డాక్టరమ్మ అన్నదంతా, పంచదార సంగతితో సహా చెప్పాడు. ముసలమ్మ తన రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది.

"నువ్వు వెళ్ళాక డబ్బా తీశానురా. గ్లాసులో నీళ్ళు కూడా పోసుకున్నాను. అది 'నానమ్మా, చిలక' అని గొణుగుతూనే ఉంది. నీ మాట గుర్తొచ్చి మళ్ళీ మూత పెట్టేశాను. నీకు భయపడి పెట్టేశాను. పోసి ఉండాల్సిందిరా. ఆ అబద్ధం నిజం చేసి ఉండాల్సింది నేను."

ఆ మాట గుండెలు బాదుకుంటూ ఏడ్చి చెప్పినా బాగుండేది. మామూలుగా, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది. మేస్త్రికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోలేదు.

సాయంత్రానికి పిచ్చుక తల్లి వచ్చింది. జుట్టు రేగిపోయి, ప్రయాణంలో ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది. గది తలుపు అద్దంలోంచి కూతుర్ని చూసింది. ముక్కులో గొట్టం, నోట్లో గొట్టం, తలకి ఏవో తీగలు. వెనక్కి తిరిగి నేరుగా అత్తగారి ముందుకు వచ్చి నిలబడింది.

"పోశారా మీరు?"

ముసలమ్మ కొడుకు వంక చూసింది.

ఇప్పుడు చెప్పాలిగా! డాక్టరమ్మతో ఏమన్నాడు, నేనే చెప్పుకుంటానన్నాడుగా! నోట్లో నాలుక లేదా? ఉంది. నిన్నంతా, ఇవాళంతా కన్నతల్లి మీద కత్తిలా ఆడిన నాలుకే. ఇప్పుడు అంగిలికి అతుక్కుపోయింది. మేస్త్రి నేల మీది బండల సందుల్ని చూస్తూ నిలబడ్డాడు.

"పోశానమ్మా," అంది ముసలమ్మ.

"మీకు పిల్లంటే ప్రాణం అనుకున్నాను అత్తయ్యా. ఆరేళ్ళు మేం కడుపు కట్టుకుని కాచుకున్నదాన్ని రెండు గ్లాసుల నీళ్ళతో... ఇంక మీరు నాకు కనపడొద్దు. అది బతికినా చచ్చినా మీరు దాని ఛాయలకి రావొద్దు. వెళ్ళండి!"

వరండాలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ముసలమ్మ అద్దం వైపు ఒక్క అడుగు వేసింది. కోడలు అడ్డం నిలబడింది. ముసలమ్మ ఒక్క చెప్పుతో మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆవిడకి వెళ్ళడానికి కొడుకు ఇల్లు తప్ప ఇంకో ఇల్లు లేదు. ఆ సంగతి మేస్త్రికి తెలుసు. తెలిసే నిలబడ్డాడు.

రెండు రోజులకి నోట్లో గొట్టం తీశారు. పిచ్చుక కళ్ళు తెరిచింది. తల్లి "బంగారం, అమ్మనే" అని ఎన్నిసార్లు పిలిచినా ఆ కళ్ళు ఆవిడ మీద నిలవలేదు. పైకప్పు మీద ఎక్కడో తిరిగాయి. నోటి పక్కనుంచి చొంగ కారుతుంటే తల్లి తుడుస్తూ కూర్చుంది. బతికింది. డాక్టరమ్మ చెప్పినట్టే బతికింది.

నర్సమ్మ వచ్చి ఖాళీ అయిన సీసా దింపి, కొత్త సీసా తగిలించింది.

"ఏంటమ్మా అది? ఏం మందు?" అంది పిచ్చుక తల్లి.

"మందేముందమ్మా, పంచదార నీళ్ళే. ఈ జబ్బు పిల్లలకి జ్వరం వస్తే ముందు ఇదే ఎక్కిస్తాం. ఇంటి దగ్గరే కాసిని కాసిని తాగిస్తూ ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు." నర్సమ్మ చుక్కలు సరిచేసి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

చొంగ తుడిచే చెయ్యి ఆగిపోయింది. పిచ్చుక తల్లి సీసా వంక చూసింది. ఆ తర్వాత మొగుడి వంక చూసింది.

"మరి అత్తయ్య పోసింది ఇదేగా?"

"పొయ్యలేదు," అన్నాడు మేస్త్రి. అతని గొంతు అతనికే వినపడలేదు. మళ్ళీ అన్నాడు. "అమ్మ పొయ్యలేదు. పోస్తానంది. నేనే పొయ్యనివ్వలేదు. ఏమీ పెట్టనివ్వలేదు."

ఆవిడ తిట్టలేదు, కొట్టలేదు. లేచి, కుర్చీ మంచానికి అటువైపు లాక్కుని, అతనికి వీపు పెట్టి కూర్చుంది. కాసేపటికి అత్తగారి ఫోనుకి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది.

మేస్త్రి వంగి, అలవాటు కొద్దీ, కూతురి మెడ వంపులో ముక్కు పెట్టాడు. పాకం వాసన లేదు. ఆసుపత్రి సబ్బు వాసన, మందుల వాసన. ఇన్నేళ్ళూ ఏ వాసన పోవాలని వెయ్యి కళ్ళతో కాచాడో అది పూర్తిగా పోయింది. దాని చెవి దగ్గర నోరు పెట్టి, సీసా వైపు చూపిస్తూ, "ఇందులో ఇటుకలు లేవు తల్లీ," అన్నాడు. "పంచదారలో ఎప్పుడూ ఉండవు. ఆవేళ నేను అబద్ధం చెప్పాను."

పిచ్చుక పైకప్పు వంకే చూస్తోంది. గొట్టంలో చుక్కలు పడుతున్నాయి. అది మళ్ళీ 'ఇటుకలున్నాయా నాన్నా' అని అడుగుతుందేమోనని అతను చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.